చనిపోయినవారిని గురించి ఎంత చెప్పాలి?

నవంబరు 2వ తేదీన మీ విచారణ సమాధుల తోటకు వెళ్ళినప్పుడు ఒక పని చేసి చూడండి. మీవాళ్ళ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన ముగించిన తరువాత, చుట్టుపక్కల రాళ్ళమీద చెక్కిన రాతలు చదవండి. పేరు, పుట్టిన తేది, మరణించిన తేది. చాలావాటిమీద పేరు కింద ఒక ఉద్యోగం కూడా ఉంటుంది. రిటైర్డ్ హెడ్మాస్టరు, రిటైర్డ్ రైల్వే గార్డు, స్టాఫ్ నర్సు. డెబ్బై ఎనభై ఏళ్ళ బ్రతుకులో అన్నిటికన్నా గౌరవంగా కనబడిన పని ఒకటి ఏరి రాతిమీద పెడతాము. కూలికి వెళ్ళిన ఏళ్ళు, పని దొరకక ఇంట్లో కూర్చున్న ఏళ్ళు, ఇష్టం లేకపోయినా పిల్లలకోసం చేసిన చాకిరీ, ఇవేవీ అక్కడ కనబడవు.

ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. రాయి చిన్నది, చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, నిజమే. అయితే ఈ ఏరివేత రాతితో ఆగదు. సంవత్సరీకం కార్డులోను, ప్రార్థన కూటంలో మాట్లాడే మాటల్లోను, మనుమలకు చెప్పే కబుర్లలోను అదే ఏరివేత సాగుతుంది. చివరికి మనం ప్రేమించిన మనిషి పోయి, ఆయన పేరు పెట్టుకున్న మరొక మంచి మనిషి మిగులుతాడు. మనవారిని గురించి మనం ఎంత చెప్పాలి, ఎంత దాచాలి? మంచి మాత్రమే చెప్పడం ప్రేమా, లేక అదొక రకమైన అబద్ధమా? ఈ వారం దీనిని మీతో కలిసి ఆలోచించాలని ఉంది, ఎందుకంటే ఇది ఈమధ్య మా ఇంట్లోనే పెద్ద చర్చకు వచ్చింది.

మా చిన్నాన్న 2019లో మరణించాడు. 1938లో పల్నాటి పల్లెలో ఒక పాలేరు ఇంట పుట్టినవాడు. మిషను బడిలో ఎనిమిదవ తరగతి వరకు చదివాడు. ఆ తరువాత ఆయన చేయని పని లేదంటే నమ్మండి. మొదట పొగాకు బేరన్‌ల దగ్గర రాత్రి కాపలా. ఆకు కాగుతున్నంతకాలం పొయ్యి ఆరకుండా, వేడి మించకుండా చూడాలి. కునుకు పట్టిందంటే బేరనే అంటుకుంటుంది. పందొమ్మిదో ఏట నాగార్జునసాగర్ పనికి వెళ్ళాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడం. యంత్రాలకన్నా మనుషుల భుజాలమీద ఎక్కువగా లేచిన గోడ అది. ఎత్తు 124 మీటర్లు. ఆ భుజాల్లో మా చిన్నాన్నవి రెండు. ఎండలో కాలిన రాయి మోసి మోసి ఆయన కుడి భుజంమీద చర్మం చివరిదాకా మొద్దుబారే ఉండేది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ నీళ్ళు మా పల్లె పొలాలకు కూడా వచ్చాయి. ఆ నీళ్ళు పారడానికి ఆయనకు సెంటు భూమి లేదు. ఆ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆపైన గుంటూరులో ఒక ప్రెస్సులో కంపోజిటరు. ఈనాటి పిల్లలకు ఆ పని చెప్పినా అర్థం కాదు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి చెక్క అరల్లోంచి ఏరి, స్టిక్కులో వరుసగా పేర్చాలి. అక్షరం తిరగబడి ఉంటుంది, అద్దంలో చూసినట్టు. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి గదా, ఇంగ్లీషు కంపోజిటరుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అరలు గుర్తుపెట్టుకోవాలి. ఎనిమిదో తరగతి చదివిన మనిషి ఎన్ని పుస్తకాలు తిరగేసి చదివాడో లెక్కలేదు. ముసలితనంలో కూడా మనం పేపరు చదువుతుంటే ఎదురుగా కూర్చుని, తలకిందులుగానే చదివి, వార్త మనకన్నా ముందు చెప్పేసేవాడు. ఛాతీ జబ్బు చేసి, డాక్టరు ఆ పని మానమంటే మానాడు.

తరువాత రిక్షా తొక్కాడు. ఆ ఏళ్ళలోనే తాగుడు పట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు విచారణ నుంచి వెళ్ళిన లారీలో ఎక్కి వెళ్ళాడు. నాలుగు రోజుల్లో వస్తానన్నవాడు నెల దాటినా రాలేదు. అక్కడ శవాలు ఎత్తి పూడ్చే జట్టులో ఉండిపోయాడు. ఉప్పెనలో పోయినవారు సర్కారు లెక్కల్లోనే పదివేలు. అక్కడ చూసిన దానిని గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట చెప్పలేదు. తిరిగివచ్చి మారిపోయాడని రాస్తే బాగుంటుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. కాని అలా జరగలేదు. తిరిగివచ్చిన తరువాత తాగుడు మరింత పెరిగింది. మూడేళ్ళకు, 1980లో, ఎవరికీ ఏమీ చెప్పకుండా మానేశాడు. ఆ మరుసటి సంవత్సరం నుంచి ఒక పల్లెలో ఉపదేశిగా పద్దెనిమిదేళ్ళు. గురువులు నెలకొక్కసారి వచ్చే ఆ ఊళ్ళో పిల్లలకు జపాలు నేర్పడం, ఆదివారం ప్రార్థన నడిపించడం, చావుబ్రతుకుల్లో ఉన్నవారి దగ్గర కూర్చోవడం ఆయన పని. జీతం చాలదు గనుక గుడి పంచలోనే సైకిలు రిపేరు కూడా చేసేవాడు. చివరి ఓపిక ఉన్నంతకాలం మిరపకాయల గోడౌను దగ్గర వాచ్‌మన్. మొదలుపెట్టిన పనీ, ముగించిన పనీ రెండూ రాత్రి కాపలాయే.

ఇక సంవత్సరీకం కార్డు దగ్గర గొడవ వచ్చింది. పెద్దకొడుకు హైదరాబాదులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఆయన రాసిన కార్డులో ఇలా ఉంది: “రిటైర్డ్ ఉపదేశి, సంఘసేవకులు. ఎవరికీ ఏ హానీ చేయని పుణ్యమూర్తి.” కూతురు పెండ్లి సంబంధం కుదురుతున్న సమయం, వచ్చే వియ్యాలవారు చూస్తారు, రిక్షా సంగతులు ఎందుకు అన్నాడు. అతనిని నేను తప్పు పట్టను. పేదరికం ఎంత అవమానమో అనుభవించినవాడికే తెలుస్తుంది. దానిని దాచుకునే హక్కు కూడా అనుభవించినవాడికే ఉంటుంది అనుకుంటాడు. మా చిన్నమ్మ కార్డు చదివించుకుని విన్నది. “ఒరేయ్, మీ నాన్న రిక్షా తొక్కిన డబ్బులతోనే గదరా నిన్ను బళ్ళో వేశాం. అది రాయకపోతే నిన్ను ఎవరు చదివించారని అనుకుంటారు?” అన్నది. కొడుకు ఏమీ అనలేదు.

చిన్నమ్మ మాటలో ఒక పెద్ద విషయం ఉంది. మనం పనులను రెండు కుప్పలు వేస్తాం, చెప్పుకోదగినవి, చెప్పుకోకూడనివి. సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం తీసి చూడండి. నాగలి పట్టేవాడు, ముద్రలు చెక్కేవాడు, కమ్మరి, కుమ్మరి, అందరినీ అక్కడ పేరుపేరునా వర్ణించారు. కుమ్మరి కాలితో సారె తిప్పే తీరు, కమ్మరి ఒంటికి తగిలే కొలిమి సెగ కూడా వదలలేదు. సభల్లో వీరికి పెద్దపీట వేయరని చెబుతూనే, వీరు లేకపోతే పట్నమే నిలవదని ఒప్పుకున్నారు. పరిశుద్ధ గ్రంథంలో కుమ్మరి సారెకు చోటు ఉంటే, మన కార్డులో రిక్షాకు ఎందుకు ఉండదు? మార్కు సువార్తలో నజరేతువారు మన ప్రభువును వడ్రంగి అని అన్నది తేలిక చేయడానికే. సువార్తికుడు దానిని తుడిచివేయలేదు.

పనుల సంగతి ఇంతటితో తేలుతుంది. తాగుడు సంగతి అంత సులువుగా తేలదు. అక్కడ ఆయన పేదరికం ఒక్కటే కాదు, ఆయన తప్పు కూడా ఉంది.

“ఎవరికీ ఏ హానీ చేయని” అనే మాటను ఒకసారి పట్టి చూడండి. మన కార్డులన్నిటిలోను ఉండే మాటే, అలవాటుగా రాసేస్తాం. మా చిన్నాన్నకు ఒక అక్క ఉంది, మా మేనత్త. తాగుడు రోజుల్లో ఆయన ఆమె మెడలోని గొలుసు అడిగి తీసుకుని తాకట్టు పెట్టాడు. అది మళ్ళీ ఆమె మెడలోకి రాలేదు. ఆమె ఆ సంగతి ఎవరిముందూ ఎత్తలేదు. ఆయన మంచాన పడినప్పుడు గంజి కాచి తెచ్చింది కూడా ఆమే. సంవత్సరీకం నాడు ఆమె ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమె వింటుండగా ఆ మాట చదివితే, చనిపోయినవానిని గౌరవించినట్టా, బ్రతికి ఉన్న ఆమెను లేనట్టు చేసినట్టా? అబద్ధపు పొగడ్తవల్ల ఎవరికీ నష్టం లేదని మనం అనుకుంటాం. నష్టం ఉంది. ఆ మనిషివల్ల బాధపడి, ఓర్చుకుని, క్షమించినవాళ్ళ క్షమాపణను మనం చెత్తబుట్టలో వేస్తున్నాం. హానే లేకపోతే ఆమె క్షమించింది దేనిని?

మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం మనకు బాగా తెలిసినదే. చనిపోయినవారికోసం ప్రార్థన ఎందుకు చేస్తారని ఎవరైనా అడిగితే మనం చూపించేది దానినే. అయితే ఆ కథ ఎలా మొదలవుతుందో చాలామంది గమనించరు. యుద్ధంలో పడిపోయిన తనవారిని ఖననం చేయడానికి యూదా వెళ్ళాడు. వారి అంగీల కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు బయటపడ్డాయి. ధర్మశాస్త్రం నిషేధించినవి. తనకోసం పోరాడి చనిపోయిన సైనికులు! నాయకుడు ఏమి చేయవచ్చు? తాయెత్తులు తీసి ఏట్లో పారవేసి, వీరులని పొగిడి పూడ్చవచ్చు. లేదా వీళ్ళు మావాళ్ళు కారని వదలి వెళ్ళవచ్చు. అతడు రెండూ చేయలేదు. ఉన్నది ఉన్నట్టు అందరి ఎదుట ఒప్పుకున్నాడు, వారి పాపం తుడిచివేయమని అందరూ ప్రార్థించారు, సుమారు రెండు వేల వెండి నాణేలు చందా పోగుచేసి పాపపరిహార బలికోసం యెరూషలేముకు పంపాడు. తాయెత్తులు దాచి ఉంటే ఆ చందా ఉండేది కాదు, ఆ ప్రార్థనా ఉండేది కాదు. పుణ్యమూర్తి అని మనమే తీర్పు చెప్పేసిన తరువాత ఇక ఆయన ఆత్మకోసం పూజ చెప్పించడం దేనికి?

పునీత అగుస్తీనువారు తన తల్లిని గురించి రాసినది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మోనికమ్మగారు 387లో ఓస్తియా రేవులో 56 ఏళ్ళ వయసున మరణించారు. సుమారు పదేళ్ళ తరువాత ఆయన తన జీవితాన్ని గురించి రాసిన గ్రంథంలో, తొమ్మిదవ భాగంలో, అమ్మను తలుచుకున్నారు. అప్పటికి ఆయన పీఠాధిపతి. మన పెద్దకొడుకులకన్నా పరువు మర్యాదలు ఎక్కువ చూసుకోవలసిన స్థానం. అయినా ఏమి రాశారు? అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ద్రాక్షరసం తెమ్మని పంపితే, పీపాలోంచి దొంగతనంగా కాస్త కాస్త తాగడం అలవాటు చేసుకున్నదని, చివరికి గిన్నెలు గిన్నెలు తాగే స్థితికి వచ్చిందని, పనిపిల్ల ఒకతె తగాదాలో తాగుబోతు అని ఈసడిస్తే సిగ్గుపడి మానేసిందని రాశారు. నాన్న పత్రీసియుగారి కోపం సంగతీ, ఆయన భార్యపట్ల నిలకడగా లేని సంగతీ రాశారు. అదే భాగం చివర, ఈ గ్రంథం చదివే ప్రతివారూ దేవుని పీఠం దగ్గర మా అమ్మను, మా నాన్నను జ్ఞాపకం చేసుకోండి అని వేడుకున్నారు. ఆ తల్లి చివరగా కొడుకులను కోరినది కూడా అదొక్కటే. తన శరీరాన్ని ఎక్కడ పూడ్చినా ఫరవాలేదన్నది. ఇన్ని శతాబ్దాల తరువాత మనం ఆమెను తెలిసిన తల్లిగా భావిస్తున్నామంటే, కొడుకు ఆ పీపా సంగతి దాచకపోవడం కూడా ఒక కారణమని నా నమ్మకం. తాగే భర్తతో, దారి తప్పిన కొడుకుతో సతమతమయ్యే మన విచారణల తల్లులు ఆమెతో మాట్లాడుకోగలుగుతున్నారు.

అంత్యక్రియల దివ్యబలిపూజలో గురువు చేసే ప్రసంగం మృతుని పొగడ్త కాకూడదని పూజా నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. కుటుంబంలో ఒకరు చివరి వీడ్కోలు ప్రార్థనకు ముందు నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. మన ఊళ్ళలో ఆ నాలుగు మాటలు నలభై అవుతాయి, ఎమ్మెల్యేగారు వస్తే నాలుగు వందలు అవుతాయి, అది వేరే సంగతి.

అయితే నిజం పేరుతో ఏదైనా చెప్పవచ్చా? కూడదు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం, లేని తప్పు అంటగట్టడమే కాదు, ఉన్న తప్పునైనా తగిన కారణం లేకుండా తెలియనివారికి వెల్లడి చేయడం పాపమేనని చెబుతుంది. చనిపోయినవాడు లేచి వచ్చి తన మాట చెప్పుకోలేడు గనుక ఆయన విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. కొందరు నిజాయితీ అనుకుంటూ పాత కక్ష తీర్చుకుంటారు. తండ్రి ఆస్తి పంచినది నచ్చని కొడుకు తండ్రి తాగుడు గురించి మాట్లాడే తీరు వేరు, ఆ తాగుడుతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన భార్య మాట్లాడే తీరు వేరు.

కాబట్టి ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అనేదానిని బట్టి చాలావరకు తేలుతుందని నాకు అనిపిస్తుంది. దెబ్బ తిన్నవారిదే మొదటి మాట. వారు చెప్పమంటే చెప్పాలి, వద్దంటే మిగతా మనకు నోరు లేదు. ఇంటిల్లిపాదికీ, ఊరందరికీ తెలిసిన సంగతిని తెలియనట్టు నటించడం అనవసరం. ఆయన ఒక్కరితో నమ్మి చెప్పుకున్నది ఆ ఒక్కరి దగ్గరే ఉండాలి. పాపసంకీర్తనంలో చెప్పినదైతే గురువుతోనే సమాధికి పోతుంది. మనుమలు ఉన్నారు, వారికీ కొంత హక్కు ఉంది. తాగుడు రక్తంలో నడిచే కుటుంబాలు ఉంటాయి. తాతకు అది ఉండేదని, ఆయన దానిని ఎలాగో దించుకున్నాడని తెలియని మనుమడు, తనకు ఆ చెర పట్టినప్పుడు ఇంటి వంశంలో తానొక్కడే చెడ్డవాడినని అనుకుంటాడు. పుణ్యమూర్తి అయిన తాత ఫోటో గోడమీద నుంచి చూస్తుంటే ఆ కుర్రవాడికి ఇంట్లో ఉండాలనే అనిపించదు.

మా చిన్నమ్మ అంతా చెప్పలేదు. ఉప్పెన నుంచి వచ్చిన తరువాత మూడేళ్ళు ఏమి జరిగింది, ఎందుకు మానేశాడు అని చిన్నకొడుకు అడిగితే, “అది ఆయనా నేనూ దేవుడూ చూసుకున్నాం” అన్నది. మళ్ళీ ఎవరమూ అడగలేదు.

కార్డు చివరికి వేరేగా అచ్చయింది. పుణ్యమూర్తి పోయింది, హాని మాట పోయింది. బేరన్ కాపలా నుంచి గోడౌను కాపలా దాకా పనులన్నీ వరుసగా వేశారు, రిక్షాతో సహా. తాగుడు సంగతి కార్డులో వేయలేదు. వేయమని ఎవరూ అడగలేదు కూడా. ఆ సాయంత్రం ఇంట్లో, జపమాల ముగిసిన తరువాత, అయినవాళ్ళే మిగిలినప్పుడు చిన్నమ్మ తానే ఎత్తింది. మేనత్త చెయ్యి పట్టుకుని గొలుసు సంగతి చెప్పింది. మేనత్త “ఎప్పటిదో, ఇప్పుడెందుకమ్మా” అన్నది గాని కళ్ళు తుడుచుకుంది. పెద్దకొడుకు బయట వరండాలో నిలబడే విన్నాడు. లోపలికి రాలేదు. వియ్యాలవారు కార్డు చూసి ఏమనుకున్నారో వారు చెప్పలేదు. సంబంధం మాత్రం నిలిచింది.

ఈ వ్యాసం చదువుతున్న మీ ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవారు ఎవరైనా ఉంటే, వచ్చే నవంబరు దాకా ఆగకండి. మీ జీవితం గురించి చెప్పండి అని అడిగితే వారు ఏమీ చెప్పరు, ఏముంది చెప్పడానికి అంటారు. చిన్న ప్రశ్నలు అడగండి. మొదటి కూలి ఎంత? ఎవరు పెట్టించారు ఆ పనిలో? పొద్దున ఎన్ని గంటలకు వెళ్ళేవారు, మధ్యాహ్నం ఏమి తినేవారు? ఎందుకు మానేశారు? చివరి ప్రశ్న దగ్గర వారు ఆగితే మీరూ ఆగండి. మేము చిన్నాన్నను అడగలేదు, అందువల్ల ఇప్పుడు లెక్క కుదరడం లేదు. చిన్నమ్మ లెక్కలో ఆయన చేసిన పనులు పదకొండు. కొడుకులు ఇద్దరూ కలిసి ఎంత లెక్కపెట్టినా తొమ్మిది దాటడం లేదు. మిగిలిన రెండూ తన పెండ్లికి ముందువని, వాటి పేర్లు ఆయన చెప్పినా తనకు గుర్తులేవని ఆమె అంటుంది. బేరన్‌ల రోజుల్లో ఆయనతో పనిచేసిన ముసలాయన ఒకరు ఫిరంగిపురం దగ్గర ఉన్నారని ఎవరో చెప్పారు. చిన్నకొడుకు వెళ్ళి అడిగి వస్తానన్నాడు.